టీ మరకతో సహా

ఆ రోజుల్లో చదువు రానివాళ్ళు సిగ్గుపడాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. చుట్టుపక్కల ఆడవాళ్ళం అందరం అలాంటివాళ్ళమే. నేను సిగ్గుపడాల్సి వచ్చింది చదువు రాక కాదు, నాకు చదువు వచ్చని అందరూ నమ్మబట్టి. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదంటే, రాయడం రాక. యాభై ఎనిమిదో ఏట మా వీధి చివర ఉండే రిటైరైన తెలుగు మేష్టరమ్మ, మధ్యాహ్నాలు పొద్దుపోక, నన్ను పిలిచి పలక ఒళ్ళో పెట్టింది. అప్పటిదాకా నా చేతిలోకి అక్షరం రాలేదు. (ఆవిడకి నా చదువు మీద శ్రద్ధ కంటే నేను తీసుకెళ్ళే అప్పడాల మీద ఇష్టం ఎక్కువని నా అనుమానం. ఏదైతేనేం, ఇద్దరికీ గిట్టుబాటైంది.) మా పుట్టిల్లు ఒరిస్సాలో రంభ దగ్గర, చిలికా సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊరు. నాన్న ఎండుచేపల వ్యాపారం చేసేవాడు. ఊళ్ళో బడి ఉంది కానీ అది ఒడియా బడి. "మనయి కాని అచ్చరాలు మనకెందుకే, సదివితే తెలుగే సదవాల" అనేవాడు నాన్న. తెలుగు బడి బరంపురంలో ఉంది, బరంపురం రైలెక్కి వెళ్ళాలి, ఆడపిల్లని రోజూ రైలెవరెక్కిస్తారు. అలా రెండు భాషలూ నోటి నిండా ఉండి, ఒక్కదాని అక్షరం కూడా రాకుండా పెరిగాను. చేపల బేరంలో ఒడియా, ఇంట్లో తెలుగు. చేతికి వచ్చిందల్లా ముగ్గు. ఎవరి వాకిట్లోనైనా ఒక ముగ్గు ఒక్కసారి చూస్తే చాలు, చుక్క తప్పకుండా మా వాకిట్లో దించేసేదాన్ని.

పెళ్ళై బరంపురం గోసాని నువాగాంలో అడుగుపెట్టాను. మా ఆయన లారీ మీద కలకత్తా దాకా వెళ్ళేవాడు, నెలకి ఒకటి రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. ఇంట్లో నేనూ మా అత్తా. కాపరానికొచ్చిన మూడో నెలలో ఆయన దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. పోస్టుమాన్ అరుగు మీదున్న నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. అత్త లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుని, "ఏటి రాసినాడే?" అంది. అంత ఆశగా అడిగిన మనిషికి 'నాకు రాదత్తా' అని చెప్పడానికి నోరు రాలేదు. కార్డు మీదికి కళ్ళు వాల్చి, కాసేపు పెదాలు కదిపి, "కులాసాగానే ఉన్నారట. నీ మోకాలి నొప్పి ఎలగున్నాదని అడిగినారు" అన్నాను. అత్త ముఖం ఎలా విచ్చుకుందో ఇప్పటికీ నా కళ్ళముందుంది. అంతే, ఆరోజు నుంచి ఇంటికొచ్చిన ప్రతి కార్డూ నేనే చదివాను. ఒకసారి అమ్మ చేతి పులుసు మీదికి మనసు పోతోందని చదివాను, ఇంకోసారి అమ్మ ఎండలో కూర్చోవద్దని చదివాను. మోకాలు మాత్రం ప్రతి కార్డులోనూ ఉండేది. (ఆ కార్డుల్లో నిజంగా ఏం రాసేవాడివని చాలా ఏళ్ళ తర్వాత మా ఆయన్ని అడిగాను. 'లారీ చెడిపోయింది, వారం ఆలస్యంగా వస్తాను' అని రాసేవాడట. చెప్పకుండా ఆలస్యం చేస్తాడేమిటి ఈ మనిషని మేము ప్రతిసారీ కంగారుపడేవాళ్ళం.) ఆయన ఇంటికొచ్చినప్పుడు అత్త చీర కొంచెం పైకి లాగి మోకాలు చూపిస్తే తెల్లమొహం వేసేవాడు. ప్రయాణం బడలిక అనుకుని అత్త ఊరుకునేది. ఊరుకుంటోందని నేననుకునేదాన్ని. ఆ విధంగా అయిదేళ్ళు తిరిగేసరికి వీధిలో నాకు 'సదువుకున్న కోడలు' అని పేరు స్థిరపడిపోయింది.

మా వీధిలో పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళం అప్పడాలు ఒత్తేవాళ్ళం. బడా బజార్‌లో ఉండే సావుకారు పిండి ఇచ్చేవాడు, మేము ఒత్తి ఎండబెట్టి తిరిగి ఇచ్చేవాళ్ళం. ఎండ ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. మంచాల మీద, పాత చీరల మీద, గోడల మీద, మా వీధి వీధంతా అప్పడాలే. వానలు పట్టాయంటే మాత్రం ఒత్తినవి ఒత్తినట్టే బూజు పట్టేవి. అప్పుడు సావుకారు, పైన రేకులూ లోపల పొయ్యిలూ ఉన్న ఆరబెట్టే గది గల వేరే వీధివాళ్ళకి పిండి ఇచ్చేవాడు. మా పీటలూ కర్రలూ గోడకి ఆనుకుని మాతోపాటు పస్తులుండేవి. ఆ ఏడు వేసవిలో సావుకారు ఇంకో మాట అన్నాడు. "ఒకపాలి మీకూ ఒకపాలి ఆలకీ నానిలగ తిరగలేనమ్మా. వానలకి ముందు గది సంగతేటో తేల్సండి. నేకపోతే ఇంక పిండంతా ఆలకే." కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే భయం వేసింది. మా వీధిలో సగం ఇళ్ళకి ఆ పిండి తప్ప మరో ఆధారం లేదు.

సర్కారు ఆడవాళ్ళ సమితులకి పనిగది కట్టుకోవడానికి గ్రాంటు ఇస్తుందన్న కబురు రేడియో పిన్ని తెచ్చింది. (ఆవిడ ఇంట్లో రేడియో లేదు. ఆవిడే రేడియో.) పదకొండుమందిమీ అప్పటికప్పుడు మా అరుగు మీద కూర్చుని సమితి అయిపోయాం. సెక్రటరీ ఎవరన్న ప్రశ్నే రాలేదు, అందరూ నావైపు చూశారు. "సదువుకున్నదానివి, ఒడియా గలగలా మాటాడతావు, ఇంకెవులుంటారే?" అంది పిన్ని. అత్త పీట మీంచి తల ఎత్తకుండా, "దానికి కుదురుతాదో నేదో అడగండి ముందు" అంది. ఆ మాట నాకు అప్పుడు చిన్నతనంగా అనిపించింది. కుదరకపోవడమేమిటి అనుకున్నాను.

అసలు దరఖాస్తు అంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలో మాకు తెలియదు. తెలిసిన కాగితాల మనిషి ఒక్కడే, మా అత్త వైపు చుట్టం, కోర్టు గోడవారగా టైపు మిషను పెట్టుకుని కూర్చునేవాడు. వీధిలో అందరికీ ఆయన టైపు మామ. నేనూ రేడియో పిన్నీ వెళ్ళేసరికి కాగితం మిషన్లోకి ఎక్కిస్తూ, "ఎవులి మీదే?" అన్నాడు.

"ఎవులి మీదా కాదు మావా. గది కావాల."

"గదెవడు ఆక్రమించినాడు?"

"ఎవుడూ ఆక్రమించనేదు. గదే నేదు."

ఆయన చేతులు మిషను మీంచి తీసేశాడు. "ఎదటి పార్టీ నేకండా దరకాస్తు ఎలగవుతాదే? నీకు నష్టం ఎవులి వల్ల? ఆడి పేరు సెప్పు."

"వాన వల్ల మావా."

టైపు మామ నవ్వలేదు. నిజంగానే ఆలోచించాడు. చివరికి తల అడ్డంగా ఊపి, "వాన మీద ఎయ్యలేం. కావలిస్తే సావుకారు మీద ఏసేద్దాం. గట్టిగా రాసి పడేస్తాను" అన్నాడు. పిన్నికి ఆ ఆలోచన కొంచెం నచ్చింది కానీ నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాను. మేము కదులుతుంటే ఆయనే వెనక్కి పిలిచాడు. "ఇది కోర్టు పని కాదే. గ్రాంటు ఇచ్చీ ఆపీసోళ్ళే ఫారం ఎలగ నింపాలో నేర్పుతారట. ఇస్కూల్లో మీటింగున్నాది. ఎల్లండి, ఊరికే నేర్పుతారు." మాకు దొరికిన మొదటి సాయం అది. మీ పని నా వల్ల కాదని ఒప్పుకుని, ఎవరి వల్ల అవుతుందో చెప్పిన మనిషిని అప్పుడు తేలిగ్గా తీసుకున్నాను. తర్వాత ఎన్నో ఆఫీసులు తిరిగాక, అలాంటివాళ్ళు ఎంత అరుదో తెలిసింది.

స్కూలు గుమ్మం దగ్గర ఆఫీసు తాలూకు ఒడియా అమ్మాయి కూర్చుని, వచ్చిన ప్రతి సమితినీ పేరేమిటి, ఏం పని చేస్తారు, ఎంతమంది అని అడిగి పుస్తకంలో రాసుకుంది. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నదే అయినా అందరూ ఆమెని అపా అంటున్నారు, ఒడియాలో అక్క అని. మేమూ అపా అన్నాం. లోపల కళ్ళజోడు బాబు ఒకాయన నల్లబల్ల ముందు నిలబడి గంటన్నర మాట్లాడాడు. నాకు ఒడియా వచ్చని నాకు గర్వం ఉండేది కదా, ఆ గంటన్నరలో అది కాస్తా పోయింది. ఆయన మాట్లాడింది ఆఫీసు ఒడియా. రంభలో చేపల దగ్గర ఆ ఒడియా ఎవరూ మాట్లాడరు. నాకు బాగా అర్థమైనవి చివరి రెండు మాటలే. ఒక ఖాళీ ఫారమూ, ఒక నింపిన ఫారమూ చేతికిచ్చి, "ఇది చూసి ఇలాగే నింపుకుని రండి. గడి దాటకూడదు, కొట్టివేత ఉండకూడదు" అన్నాడు. అపా గుమ్మం దగ్గర అందరితోనూ మరో మాట చెప్పింది. "ఏది తెలియకపోయినా నన్ను అడగండి. రోజూ మధ్యాహ్నం ఇక్కడే ఉంటాను. ఎవరూ రాకపోతే ఊరికే కూర్చుని ఉంటాను."

మా ఇంటి నుంచి ఆ స్కూలు పది నిమిషాల నడక. నేను వెళ్ళలేదు. చదువుకున్న కోడలు వెళ్ళి, ఇందులో ఏం రాసి ఉందని ఎలా అడుగుతుంది? పిన్ని వెంట వస్తుంది, పిన్ని వింటుంది, సాయంత్రానికి వీధంతా వింటుంది. ఆ తర్వాత అత్త నా ముఖం చూసి ఆ కార్డుల సంగతి అడుగుతుంది. గది కావాలన్న ఆరాటం ఒకవైపు, ఆ కార్డులు ఒకవైపు. అదీకాక నాకొక ధైర్యం కూడా ఉంది. గుమ్మం దగ్గర అపా మా వివరాలన్నీ అడిగి రాసుకుంది కదా, ఈ నింపిన ఫారంలో ఉన్నవి అవే అయ్యుంటాయని గట్టిగా అనుకున్నాను. చిత్తు వాళ్ళు రాసిచ్చారు, నీటుగా మనం దించాలి. మాలో ఎవరైనా కొత్త ముగ్గు కాగితం మీద వేసి ఇస్తే చేసే పని అదే కదా. చుక్క తగ్గినా, మెలిక మారినా ముగ్గు తప్పినట్టే.

మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఒడియా అక్షరాలన్నీ తలమీద గొడుగు వేసుకున్నట్టుంటాయి. ముందు నేలమీద ముగ్గుపిండితో ఒక్కో వరుసా దించి చెయ్యి తిప్పుకున్నాను, తర్వాత ఫారం మీద సన్నగా చుక్కలు పెట్టుకుని, గొడుగు గొడుగునీ లెక్కపెట్టి పెన్నుతో దిద్దాను. నింపిన కాగితం మీద అక్కడక్కడ ఎర్రసిరాతో టిక్కులున్నాయి. మాకు ఎర్రసిరా లేదు, తిలకంలో అగ్గిపుల్ల ముంచి పెట్టాను. మూల నుంచి మూలకి ఏటవాలుగా పెద్దక్షరాలతో ఒక మాట ఉంది, అదీ పెట్టాను. అడుగున ఎవరిదో సంతకం ఉంది, అదైతే ఒక్క చేతి ఊపులో దించాను, ఇప్పటికీ ఆ మెలిక నాకు గుర్తుంది. ఇంక కుడివైపు పైమూల గోధుమరంగులో ఒక గుండ్రటి ముద్ర ఉంది. "అదేటే?" అంది పిన్ని. "గవర్నమెంటు ముద్ర" అన్నాను. ఎలా వేశారో తెలియక ముక్కు దగ్గర పెట్టుకున్నాను. టీ వాసన వేసింది. సర్కారు టీతో ముద్ర వెయ్యడం నాకూ వింతగానే తోచింది, కానీ మనకెందుకని గ్లాసు అడుగు టీలో ముంచి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా అదే చోట వేశాను. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరి, గుడిలో హారతి చూస్తున్నట్టు చూశారు. అత్త మాత్రం పక్కన కూర్చుని అప్పడాలు ఒత్తుకుంటూ, "మెడ లాగీస్తాది, కాసేపు లెగు" అనేది మధ్యమధ్యలో. అన్నీ అయ్యాక అందరి వేలిముద్రలూ వేయించి తీసుకెళ్ళి ఇచ్చాను. తీసుకున్న గుమాస్తా కాగితం చూడనైనా చూడలేదు, దొంతర మీద పడేశాడు. మూడు మధ్యాహ్నాల పనిని అలా పడెయ్యడం నాకు కష్టంగా అనిపించింది.

దరఖాస్తులకి ఆఖరి రోజున, ఉదయం పదింటికి, వీధంతా అప్పడాలు ఆరబెట్టి ఉండగా రిక్షా దిగి కళ్ళజోడు బాబూ అపా వచ్చారు. కళ్ళజోడు బాబు అప్పడాల మధ్య అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియక కొంగలా నిలబడి, చుట్టూ చూసి, "బాతులెక్కడ?" అన్నాడు.

"ఏటంటన్నాడే?" అంది పిన్ని నా చెవిలో.

"బాతులెక్కడని అడుగుతన్నారు."

"బోజనానికేటి? ముందు కబురెడితే కోడినేనా సూసుందుం గదా."

నేను ముందుకొచ్చి, బాతులు లేవు బాబూ, కూర్చోండి, టీ తాగుతారా అన్నాను. ఆయన సంచిలోంచి మా ఫారం తీశాడు. "మీ సమితి బాతులు పెంచుతుందని రాశారు. చిలికా ఒడ్డున బాతులకి షెడ్డు కావాలని రాశారు. ఈ వీధిలో చిలికా ఎక్కడుంది?" పిన్నికి అందులో చిలికా ఒక్కటే అందింది. ఉత్సాహంగా నా భుజం పట్టుకుని ముందుకు తోసి, "ఇదే బాబూ, దీన్దే చిలికా. రంభ పిల్ల" అంది. మూడు మధ్యాహ్నాలు నేను లెక్కపెట్టి దించిన గొడుగుల కింద బాతులున్నాయని అప్పటికి గాని తెలియలేదు.

"ఇది రాసింది మీరేనా?"

"నేనే."

"అయితే చదవండి" అని కాగితం నా చేతిలో పెట్టాడు.

పదిమందీ చూస్తున్నారు. అత్త అరుగు మీద కాలు చాపుకుని అప్పడం ఒత్తుతోంది. ఆవిడ చెయ్యి ఆగలేదు కానీ వింటోందని నాకు తెలుసు. నాకు రాదు అన్న ఒక్క మాట అంటే అయిదేళ్ళ కార్డులు ఆ వీధిలో నలుగురి మధ్యా కూలిపోతాయి. అనకపోతే గది పోతుంది, గదితోపాటు పిండీ పోతుంది. ఏం చెయ్యాలో తోచక, నాకు అలవాటైన పనే చేశాను. కాగితం మీదికి కళ్ళు వాల్చి చదవడం మొదలుపెట్టాను. "మేము గోసాని నువాగాం ఆడవాళ్ళం, పదకొండు ఇళ్ళవాళ్ళం. అప్పడాలు ఒత్తుతాం. మా అప్పడం పల్చగా ఉంటుంది, వెలుగుకి ఎత్తిపట్టుకుంటే అవతల వేలు కనపడుతుంది. ఎండ ఉంటే మాకెవరి సాయమూ అక్కర్లేదు. వానాకాలం మాత్రం పొద్దున్న ఒత్తినవి సాయంత్రానికి బూజు పడతాయి. క్రిందటేడు ఒకామె తడి అప్పడాలు కడుపు వేడికి ఆరతాయేమోనని పక్కలో వేసుకుని పడుకుంది. మాకు పైన రేకులు, కింద రెండు పొయ్యిలు, నాలుగు గోడలు చాలు. మిగతాది మా చేతులకి వచ్చు." ఒడియాలోనే చదివాను, చేపల దగ్గర నేర్చుకున్న నా ఒడియాలో. మొదలుపెట్టాక నాకే ఆగబుద్ధి కాలేదు. కళ్ళు వరస తప్పకుండా కిందికి దిగాయి, ఆఖరి గడి దాకా వచ్చాయి. కాగితం అయిపోయింది కానీ నేను చెప్పాల్సింది అయిపోలేదు. అందుకని కాగితం తిప్పాను. వెనకాల తెల్లగా ఏమీ లేదు. అయినా చదివాను.

కళ్ళజోడు బాబు నోరు తెరవబోతే అపా చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆపి తల ఎత్తి చూస్తే ఆ అమ్మాయి మోకాలి మీద పుస్తకం పెట్టుకుని గబగబా రాసుకుంటోంది. రాస్తూనే, ఎంత మెల్లగా అడిగిందో, "అక్కా, ఆ వెనకవైపు చదివారు చూడండి, అది ఇంకోసారి చెప్పరా? నాకు అందలేదు" అంది.

వెక్కిరించి ఉంటే నేను తట్టుకునేదాన్నేమో. అలా అడిగేసరికి ఇంక నా వల్ల కాలేదు. "అపా, నాకు చదవడం రాదు" అన్నాను. ఒడియాలో ఒకసారి అని, వీధివాళ్ళందరి కోసం తెలుగులో కూడా అన్నాను. "నాకు సదువు రాదు. ఎప్పుడూ రాదు." ఒత్తుడు కర్రల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. అత్త కర్ర కూడా ఆగింది. పిన్ని నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది, ఆవిడ జీవితంలో అలా జరగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కళ్ళజోడు బాబు జోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "మూల నుంచి మూలకి రాశారే, ఆ మాటేమిటో తెలుసా? నమూనా అని. మేము ఉదాహరణకి కల్పించి రాసిచ్చిన బాతుల సమితి అది. మీరొక్కరే కాదు లెండి, ఇలాంటి బాతుల దరఖాస్తులు ఇంకా వచ్చాయి, అందుకే ఇల్లిల్లూ తిరుగుతున్నాం. చూసి ఇలాగే రాయండి అన్నది నేనే కదా" అని, ఫారం మళ్ళీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "కానీ టీ మరకతో సహా రాసింది మీరొక్కరే." అపా నేలచూపులు చూస్తూ, "ఆ గ్లాసు నాది" అంది. అప్పుడు మొదట ఎవరు నవ్వారో గుర్తులేదు. నేను కూడా నవ్వాననే గుర్తు.

సాయంత్రం అయిదింటి లోపల కొత్త ఫారం ఆఫీసులో ఉండాలి. అపా రిక్షాని ఆపి, మా అరుగు మీదే చతికిలబడి, అప్పడాల పీట ఒళ్ళో పెట్టుకుని దాని మీద రాసింది. నేను 'చదివిన' మాటలే రాసింది. ఒక్కో గడీ నిండగానే పైకి చదివి వినిపించేది, మేము అవునన్నాకే ముందుకెళ్ళేది. నోరు మళ్ళీ వచ్చిన పిన్ని, పక్కలో అప్పడాలు వేసుకున్నది తనేనని తన పేరు కూడా రాయాలని పట్టుబట్టింది. దానికి గడి లేదని నచ్చజెప్పడానికి కొంతసేపు పట్టింది. అందరూ వేలిముద్రలు వేశారు. అత్త కూడా వచ్చి వేసింది, నావైపు చూడలేదు. అంతా అయ్యాక నేను అపాని ఒక్కటి అడిగాను. నా జీవితంలో ఒక కాగితం గురించి నేను నిజంగా అడిగిన మొదటి ప్రశ్న అదే. "ఇందులో అప్పడం ఎక్కడుంది?" ఆమె ఒక మాట మీద వేలు పెట్టింది. ఒడియాలో పాంపడ అంటారు, ఇదిగో ఇదే, అంది. వేలు తీశాక కూడా నేను అక్కడే చూస్తూ, ఆ గొడుగులు ఎన్నో, మెలిక ఎటు తిరిగిందో లెక్కపెట్టుకున్నాను.

మంజూరు కాగితం వానలు సగం కురిశాక వచ్చింది. అది చూపించాక సావుకారు ఇంకేమీ అనలేదు. గది దసరా దాటాక లేచింది, ఆ రేకుల కింద పదకొండు ఇళ్ళూ ఏళ్ళ తరబడి అప్పడాలు ఆరబెట్టుకున్నాయి. ఆ తర్వాత మా సమితి ఎన్నో కాగితాలు పెట్టింది, కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు, ప్రతిదానికీ నేను ముందుగా వెళ్ళి తెలియదని చెప్పి మొదలుపెట్టేదాన్ని. అది చెప్పడం ఒక్కటే కష్టం, తర్వాతవన్నీ ఎవరో ఒకరు నేర్పేవే. అయినా అక్షరాలు నేర్చుకోవడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళకి పైగా ఎందుకు ఆగానంటే, పనులున్నాయి, పిల్లలున్నారు, అందరూ చెప్పేవే. ఇప్పుడు మేష్టరమ్మ ఇంట్లో కూర్చుని ఒత్తులు దిద్దుతుంటే అప్పుడప్పుడు ఆ పాతికేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. తెలియని భాష రాతని ఒక్క మెలిక పోకుండా దించెయ్యగలిగింది, తిలకంతో టిక్కులు పెట్టగలిగింది, ఏమీ లేని కాగితాన్ని చదవగలిగింది. పది నిమిషాల దూరంలో ఊరికే కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేకపోయింది. దాని మీద కోపం రాదు. దాని మెడ పాపం ఎంత లాగిందో కదా అనిపిస్తుంది.

కొత్త ఫారం రాయించిన ఆ సాయంత్రం అత్త మామూలుగానే ఉంది. అన్నం పెట్టింది, ఉప్పు సరిపోయిందా అని అడిగింది. కార్డుల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి జల్లి, ముగ్గుపిండి తీసుకున్నాను. చుక్కలు పెట్టలేదు. అపా వేలు పెట్టి చూపించిన ఆ ఒక్క మాటనీ గుమ్మం ముందు పెద్దగా, గొడుగు గొడుగూ తీరుగా రాశాను. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. అత్త గడప మీద నిలబడి ఉంది.

"ఇదేటే, కొత్తగున్నాది?"

"అప్పడం అని రాసినానత్తా. ఒడియాలో."

అత్త వంగి దాన్ని చూసింది. "నిజింగానే? నేపోతే మావోడి కార్డుల్లాగానేటి?"

ఆవిడ జవాబు కోసం చూడలేదు. అక్షరాల మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచి వెళ్ళి అరుగు మీద కూర్చుని, కాలు చాపుకుని, మోకాలు రాసుకుంటూ, "ఆడికి నా మోకాలు గొడవెప్పుడు పట్టిందే. అడిగింది నువ్వేనని మొదటి కార్డు నాడే తెల్సు నాకు" అంది.

నేను లోపలికెళ్ళి ఇంకో గుప్పెడు పిండి తెచ్చాను. ఆ మాట పక్కన ఒక గుండ్రటి అప్పడం కూడా వేశాను, చదువు రానివాళ్ళకి తెలియడానికి.